మైలుతుత్తం నీళ్ళు గోబర్ గ్యాస్ ప్లాంటులో పడితే గ్యాస్ ఎందుకు పడిపోతుంది, ఆ రాగి ఎక్కడికి చేరుతుంది

మీ ప్రశ్న సారం ఇది. పెరవలి వైపు 25 ఘనపు మీటర్ల తేలే డ్రమ్ము ప్లాంటు. రోజుకు 625 కిలోల పేడ, అంతే నీళ్ళు. రెండు నెలలుగా పేడ కొంత తగ్గించి రోజుకు 150 కిలోల లేయర్ కోళ్ళ పెంట కలుపుతున్నారు. ఈ వానలకు గేదెల గిట్టలు చెడితే సావిడి ముందు 5 శాతం మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) నీళ్ళ తొట్టి పెట్టారు. వాడేసిన 100 లీటర్లూ కాలవ వెంట పేడ కలిపే గాబులోకి పోయాయి. పది రోజుల్లో గ్యాస్ సగానికి పడింది. పైగా ఎవరో "మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు భార లోహాలను పీల్చేసుకుంటాయి, మీ స్లర్రీ శుభ్రమే" అన్నారట. అది నిజమేనా, ఆ స్లర్రీ దాళ్వా చేలకూ చేపల చెరువుకూ పెట్టొచ్చా అని అడిగారు.

పీల్చుకుంటాయన్న మాట నిజమేనండి. శుభ్రమవుతుందన్నది మాత్రం నిజం కాదు. పేడ కుళ్ళి గ్యాస్ అవుతుంది, లోహం అలా పోయేది కాదు. నీళ్ళలో కరిగి ఉన్నది బురదలోకి మారుతుంది. ఆ మార్పు ఎంత తొందరగా జరిగిందన్నదాన్ని బట్టి మీ గ్యాస్ ఉంటుంది. ఆ బురద ఎక్కడికి పోయిందన్నదాన్ని బట్టి మీ పొలం ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. 100 లీటర్లలో 5 శాతం అంటే 5 కిలోల మైలుతుత్తం. అందులో నాలుగో వంతు, ఇంకా కచ్చితంగా 25.4 శాతం, రాగి. అంటే 1.27 కిలోల రాగి మీ ప్లాంటులోకి వెళ్ళింది. రోజుకు 1,250 లీటర్ల మేత, 40 రోజుల నిల్వ లెక్కన లోపల 50 ఘనపు మీటర్ల స్లర్రీ ఉంటుంది. బాగా కలిసిందనుకుంటే లీటరుకు 25 మిల్లీగ్రాముల రాగి. కానీ ఒక్కసారిగా పడ్డ నీళ్ళు అలా సమంగా కలవవు. మేత గొట్టం దిగే చోట, అడుగున, దీనికి ఎన్నో రెట్లు ఉండి ఉంటుంది.

ఇప్పుడు ఆ సూక్ష్మజీవుల సంగతి. ఇవి మామూలు బాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే కుటుంబం. 1977లో కార్ల్ వూజ్ ఈ కుటుంబాన్ని విడిగా గుర్తించాడు. వీటికి కొన్ని లోహాలు తిండితో సమానం. మీథేన్ తయారయ్యే చివరి మెట్టు మీద పనిచేసే ఎంజైములో ఎఫ్430 అనే భాగం ఉంటుంది, దాని నడిబొడ్డున ఒక నికెల్ పరమాణువు కూర్చుని ఉంటుంది. నికెల్ లేకపోతే అసలు మీథేనే లేదు. ఇంకో మెట్టుకు బీ12 లాంటి పదార్థంలోని కోబాల్టు కావాలి, ఇనుము చాలా ఎక్కువగా కావాలి, జింకు, మాలిబ్డినం లేదా టంగ్‌స్టన్ కొద్దిగా కావాలి. అందుకే వీటి కణపొరలో నికెల్‌ని, కోబాల్టుని వెతికి పట్టుకుని లోపలికి తోడుకునే ద్వారాలు ఉంటాయి. ఎండబెట్టిన కణాల్లో కిలోకు నికెల్ సుమారు 65 నుంచి 180 మిల్లీగ్రాములు, కోబాల్టు 10 నుంచి 120 మిల్లీగ్రాముల దాకా దొరుకుతుంది.

"పీల్చుకోవడం" అన్న ఒక్క మాటలో నిజానికి మూడు వేరు వేరు పనులు కలిసిపోయాయి. ఒకటి, ఇప్పుడు చెప్పినట్టు ద్వారాల గుండా కణం లోపలికి తీసుకోవడం. రెండు, కణం గోడకు, దాని చుట్టూ ఉండే జిగురుకు లోహం అతుక్కోవడం. ఇది నిమిషాల్లో అయిపోతుంది, కణం బతికి ఉన్నా చచ్చినా ఒకటే, పేడలోని పీచు కూడా ఇదే పని చేస్తుంది. మూడు, బయటి నీళ్ళలోనే సల్ఫైడుతో (గంధకపు ఒక రూపం) కలిసి నల్లటి పొడిగా దిగిపోవడం. బరువు లెక్కన అసలు పని ఈ మూడోదానిదే. మీ ప్లాంటులో రోజుకు 14 ఘనపు మీటర్ల మీథేన్ వస్తున్నప్పుడు కొత్తగా పుట్టే మీథేన్ జీవుల పొడి బరువు ఒకటి, ఒకటిన్నర కిలో కంటే ఎక్కువ ఉండదు. వాటి కణాల్లో రాగి కిలోకు 160 మిల్లీగ్రాములు మించడం అరుదు. అంటే రోజుకు పావు గ్రాము కూడా లోపలికి తీసుకోలేవు. మీరు పోసింది 1,270 గ్రాములు. సూక్ష్మజీవులు తినేస్తాయిలే అని ధీమాగా కూర్చోవడానికి వీల్లేదని ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

రాగి చేసే చెడు ఎలా ఉంటుందంటే: ఈ జీవుల ఎంజైముల్లో, సహాయక పదార్థాల్లో గంధకపు కొసలు బయటికి చాచుకుని ఉంటాయి. కరిగిన రాగి నేరుగా వాటినే పట్టుకుంటుంది, ఇనుము ఉండాల్సిన చోట దూరుతుంది. లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల కరిగిన రాగే పని మందగించడానికి చాలు. అదే రాగి సల్ఫైడుగా దిగిపోయి ఉంటే లీటరుకు వందల మిల్లీగ్రాములున్నా ప్లాంటు నడిచిపోతుంది. అందుకే మొత్తం రాగి ఎంత అన్న ఒక్క అంకె చూసి భయపడకూడదు, ధైర్యపడకూడదు కూడా. కరిగి ఉన్నది ఎంత అన్నదే గ్యాస్‌ని నిర్ణయిస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, పేడను పులియబెట్టి ఆమ్లాలు చేసే బాక్టీరియా రాగికి అంత తొందరగా లొంగవు. అవి ఆమ్లం చేస్తూనే ఉంటాయి, దాన్ని తినాల్సినవి మూలబడతాయి. పీహెచ్ దిగుతుంది, అంటే పులుపు పెరుగుతుంది. పీహెచ్ దిగేకొద్దీ అతుక్కుని ఉన్న లోహం మళ్ళీ కరుగుతుంది, దెబ్బ మీద దెబ్బ.

ఇక్కడొక వింత ఉంది. మైలుతుత్తంలో ఒక్కో రాగి అయానుకు సరిగ్గా ఒక్కో సల్ఫేటు అయాను ఉంటుంది. ప్లాంటులోని బాక్టీరియా ఆ సల్ఫేటును సల్ఫైడుగా మారిస్తే ఆ రాగిని మొత్తం దించడానికి అది సరిపోతుంది. 1.27 కిలోల రాగికి 640 గ్రాముల సల్ఫైడు గంధకం కావాలి, సల్ఫేటులో ఉన్నదీ అంతే. మరి ఎందుకు దెబ్బతింది? సల్ఫైడు తయారవడానికి రోజులు పడుతుంది, రాగి అయానుకు నిమిషాలు చాలు. ఆ మధ్య కాలం గడిపించేది అప్పటికే ప్లాంటులో ఉన్న సల్ఫైడు నిల్వ. స్లర్రీ నల్లగా ఉండేది చాలావరకు ఇనుప సల్ఫైడు వల్లే. తెల్ల పింగాణీ గిన్నెలో కొద్దిగా పోసి గాలికి వదిలేస్తే పైపొర గోధుమ రంగుకు తిరగడం చూడొచ్చు. రాగి వచ్చినప్పుడు ఇనుమును తోసేసి ఆ గంధకాన్ని తను తీసుకుంటుంది. అంటే ఇనుప సల్ఫైడు ఉన్నంత మేర మీ ప్లాంటుకు ఒక కవచం ఉన్నట్టు. మీకు ఆ కవచం సరిపోలేదు.

కానీ తప్పు రాగిదే అని తేల్చే ముందు కోళ్ళ పెంటను కూడా అనుమానించాలి. 150 కిలోల లేయర్ పెంటతో నత్రజని బాగా పెరుగుతుంది, లీటరుకు రెండు గ్రాముల దగ్గరికి అమ్మోనియా చేరే అవకాశం ఉంది. ఆ స్థాయిలో మీథేన్ జీవులకు ఇబ్బంది మొదలవుతుంది. తేడా ఇలా తెలుస్తుంది: అమ్మోనియా అయితే గ్యాస్ వారాల తరబడి మెల్లగా తగ్గుతుంది, పీహెచ్ 7.6 దాటి 8 వైపు ఉంటుంది, బయటికొచ్చే స్లర్రీ దగ్గర కళ్ళు మండుతాయి. లోహమైతే గబుక్కున పడుతుంది, పీహెచ్ 6.8 కిందికి జారుతుంది, పుల్లటి వాసన వస్తుంది, మంట పసుపు రంగుకు తిరిగి ఆరిపోతుంటుంది. మీరు చెప్పిన పది రోజుల సంగతి చూస్తే నాకు రాగి మీదే అనుమానం.

దీన్ని చేత్తో చూసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఫిల్టర్ కాగితం ముక్క మీద లెడ్ అసిటేట్ ద్రావణం రెండు చుక్కలు వేసి, తడిగా ఉండగానే, పొయ్యి వెలిగించకుండా గ్యాస్ ధారలో పెట్టండి. ఇనుప రజను ఫిల్టర్ ఉంటే దానికి ముందు పెట్టాలి. మామూలు పేడ ప్లాంటులో కొన్ని సెకన్లలోనే కాగితం గోధుమ రంగై నల్లబడుతుంది. ఎంతసేపున్నా తెల్లగానే ఉందంటే సల్ఫైడు అంతా ఖర్చయిపోయింది, లోహం కరిగిన రూపంలో తిరుగుతోందన్నమాట. "కుళ్ళిన గుడ్డు వాసన పోయింది, గ్యాస్ శుద్ధి అయింది" అని సంతోషించేవాళ్ళు చాలామంది. అది మంచి సూచన కాదు. అలాగని ముక్కును నమ్మకండి. హైడ్రోజన్ సల్ఫైడు బాగా ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తే పోతుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ గాబులోకీ ప్లాంటు బావిలోకీ ఎవర్నీ దింపకండి.

ఆమ్లం లెక్కకు భీమవరం, తణుకు చుట్టుపక్కల ఏ ఆక్వా ల్యాబ్‌లోనైనా ఉండే బ్యూరెట్టు, పీహెచ్ మీటరు చాలు. గుడ్డలో వడగట్టిన 20 మిల్లీలీటర్ల స్లర్రీ నీళ్ళకు 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా పోస్తూ పీహెచ్ 5.0 వచ్చేదాకా పట్టిన మిల్లీలీటర్లు రాసుకోవాలి, దాన్ని 250తో హెచ్చిస్తే క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. అక్కడి నుంచి 4.4 దాకా ఇంకా ఎంత పట్టిందో దాన్ని 1.66తో హెచ్చించి, 0.15 తీసేసి, 500తో హెచ్చిస్తే ఆమ్లాలు. మొదట 24, తర్వాత 2.5 పట్టిందనుకోండి, క్షారత 6,000, ఆమ్లాలు 2,000, ఆమ్లాలను క్షారతతో భాగిస్తే నిష్పత్తి 0.33. అది ఆరోగ్యం. మొదట 20, తర్వాత 5 పడితే 5,000కు 4,075, నిష్పత్తి 0.8. అక్కడ మేత వెయ్యడం అంటే నిప్పులో నెయ్యి పొయ్యడమే.

ఇంకా రూఢి కావాలంటే నాలుగు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు, సెలైన్ గొట్టాలు తీసుకోండి. ప్రతిదాంట్లో ఒకటిన్నర లీటరు స్లర్రీ, 100 గ్రాముల మంచి పేడ. మొదటిది మీ స్లర్రీ. రెండోది మీ స్లర్రీలో పావు గ్రాము అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు). మూడోది ఊళ్ళో బాగా నడుస్తున్న ఇంకో ప్లాంటు స్లర్రీ. నాలుగోది ఆ మంచి స్లర్రీకి మీ గాబులోని మేత ఒక గ్లాసు కలిపినది. మూతకు గొట్టం బిగించి, నీళ్ళ బకెట్లో బోర్లించిన గీతల సీసాలోకి గ్యాస్ పట్టండి, పది రోజులు చూడండి. మూడోదాంట్లో వచ్చి మొదటిదాంట్లో రాకపోతే జబ్బు మీ స్లర్రీలోనే ఉంది. నాలుగోది కూడా పడిపోతే గాబులోకి ఇంకా ఏదో పడుతూనే ఉంది. రెండోది మొదటిదానికంటే కోలుకుంటే లోహమే అని దాదాపు ఖాయం. గొట్టం మడత పడకుండా చూసుకోండి, లేదంటే సీసా పేలుతుంది.

బాగు చేసే వరస. ఈ రోజు నుంచే మేత ఆపండి, వారం రోజులు. సావిడి కాలవను గాబు నుంచి తెంపేయండి. అడుగు బురదను మడ్డి పంపుతో నాలుగైదు ఘనపు మీటర్లు తోడేసి, అంతే మొత్తం ఆరోగ్యంగా ఉన్న ప్లాంటు స్లర్రీ ట్యాంకర్‌తో తెచ్చి పోయించండి. దాంతో బతికున్న జీవులూ వస్తాయి, నల్లటి ఇనుప సల్ఫైడూ వస్తుంది. మందులన్నిటికంటే ఇది గట్టిగా పనిచేస్తుంది. తర్వాత అన్నభేది, మొత్తం ఐదున్నర కిలోలు, రోజుకు అరకిలో పైన, బకెట్ నీళ్ళలో కరిగించి పదిరోజులు. రాగి ఎంత పడిందో పరమాణువుల లెక్కన అంతే ఇనుము, అంతే గంధకం వెళ్ళేలా ఈ తూకం. ఎక్కువ వేస్తే ఇంకా మేలని వెయ్యొద్దు, అన్నభేది ఆమ్ల స్వభావం కలది, క్షారతను తినేస్తుంది. పీహెచ్ 6.6 కిందికి పోతే వంట సోడా రోజుకు రెండు మూడు కిలోల చొప్పున, 6.9 రాగానే ఆపేయండి. సున్నం గుమ్మరించేవాళ్ళుంటారు. అది బొగ్గుపులుసు వాయువును లాగేసి సున్నపురాయిగా అడుగున పేరుకుంటుంది, గ్యాస్ తగ్గి డ్రమ్ము కూడా కిందికి దిగిపోతుంది. సోడియం సల్ఫైడు కొని వెయ్యమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఆమ్లంతో కలిసిందంటే ప్రాణాలు తీసే గ్యాస్ వస్తుంది, అది ల్యాబ్‌లో వాడే సరుకు.

నిష్పత్తి 0.4 కిందికి వచ్చాకే మేత మొదలు. ముందు 150 కిలోల పేడ మాత్రమే. మూడు రోజులకోసారి 75 కిలోలు పెంచుతూ మూడు వారాల్లో పూర్తి మేతకు చేరొచ్చు. తొందర ఎందుకు కూడదంటే, ఎసిటిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా తినే మీథేనోసీటా జాతి రెట్టింపు కావడానికి నాలుగు నుంచి తొమ్మిది రోజులు పడుతుంది. కోళ్ళ పెంట నెల తర్వాత, అదీ మేతలోని పొడి పదార్థంలో నాలుగో వంతు దాటకుండా, ముందు నీళ్ళలో కలిపి ఒక గంట తేర్చి, అడుగున దిగిన గుల్లా రాయీ తీసేశాక. ఆ రాళ్ళు రెండేళ్ళలో ప్లాంటు అడుగును నింపేస్తాయి.

నికెల్, కోబాల్టు కావాలని చెప్పాను కదా అని ట్రేస్ మినరల్ పొట్లాలు కొనకండి. పేడలో అవి సరిపడా ఉంటాయి. పేడ లేకుండా హోటల్ వ్యర్థాల్లాంటివి మాత్రమే వేసే ప్లాంట్లలోనే ఆ లోటు వస్తుంది.

గిట్టల తొట్టి నీళ్ళను ఏం చెయ్యాలంటే, కోనసీమలో కొబ్బరి మొవ్వు కుళ్ళుకు బోర్డో మిశ్రమం కలిపే ప్రతి రైతుకూ ఆ పద్ధతి తెలుసు. డ్రమ్ములో ఆ నీళ్ళు పోసి, రెండు కిలోల పొడి సున్నం పాలుగా కలిపి తిప్పుతూ పోయండి. మెరిసేలా తోమిన ఇనుప కత్తి ఒక నిమిషం ముంచి తియ్యండి. కత్తి అంచున ఎర్రటి రాగి పూత కనబడితే ఇంకా సున్నం కావాలి, కనబడకపోతే చాలు. రాత్రంతా వదిలేస్తే నీలం మడ్డి దిగుతుంది. పైన తేట నీళ్ళు వదిలేసి, మడ్డిని ఎండబెట్టి సంచిలో కట్టి వాన తగలని చోట ఉంచండి. మురుగు కాలవలోకి మాత్రం వద్దు. మన డెల్టాలో ప్రతి బోదే ఏదో ఒక డ్రెయిన్‌లో కలుస్తుంది, ఆ డ్రెయిన్ల పక్కనే చెరువులున్నాయి.

ఇక స్లర్రీ. మీ 50 ఘనపు మీటర్లలో 7 శాతం పొడి పదార్థం అనుకుంటే 3,500 కిలోలు. 1,270 గ్రాముల రాగిని దాంతో భాగిస్తే కిలోకు 360 మిల్లీగ్రాములు, పేడలో ముందే ఉన్నది కాక. సేంద్రియ ఎరువుకు మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పెట్టిన హద్దు రాగికి 300, జింకుకు 1,000, నికెల్‌కు 50, కాడ్మియంకు 5. ఒకే ఒక్క తొట్టి నీళ్ళు మొత్తం ప్లాంటును హద్దు దాటించాయి. కోళ్ళ దాణాలోని జింకు కూడా ఇలాగే పెరుగుతుంది. మేతలోని పొడి పదార్థంలో 40 శాతం గ్యాస్‌గా పోయిందంటే, కిలోకు 400 ఉన్న జింకు స్లర్రీలో 670 అవుతుంది. గ్యాస్ బాగా వచ్చేకొద్దీ లోహం చిక్కబడుతుంది.

అలాగని పారబోయాల్సిన పని లేదు. ఎకరానికి ఐదు టన్నుల స్లర్రీ వేస్తే అందులో రాగి 130 గ్రాముల లోపే, నాగలి సాలు లోతు మట్టిలో కలిస్తే పెరిగేది కిలోకు 0.15 మిల్లీగ్రాముల లోపు. ఒక్కసారికి దానితో ప్రమాదం లేదు. ఏటా అదే మడిలో పోస్తేనే చిక్కు. కాబట్టి ఈ విడత స్లర్రీని వీలైనన్ని ఎక్కువ ఎకరాలకు పలచగా, దమ్ముకు ముందు పంచండి, నారుమడికి వద్దు. నీళ్ళు నిలిచిన వరి చేనులో కూడా ఇదే మీథేన్, ఇదే సల్ఫైడు నడుస్తాయి. దాళ్వాలో జింకు లోపం కనబడి ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేసుకోవడానికి ఒక కారణం, ముంపు మట్టిలో జింకు కరగని రూపాల్లోకి పోవడమే. చేను ఆరినప్పుడు గాలి తగిలి ఆ సల్ఫైడు విడిపోతుంది, లోహం మళ్ళీ కదులుతుంది.

ఆ కారణం చేతనే చెరువుకు వద్దంటున్నాను. ఏరేటర్లు తిరిగే నీళ్ళలో, ఎండగట్టిన చెరువు అడుగులో రాగి సల్ఫైడు నెమ్మదిగా విచ్చుకుంటుంది. రాగి ముందు నాచునూ ప్లాంక్టన్‌నూ కొడుతుంది, రొయ్యకు ఇంకా చెరుపు. పాదరసమో ఆర్సెనిక్కో ఉందని అనుమానమున్న వ్యర్థాన్ని అసలు ఈ ప్లాంటుకే రానివ్వకండి. కొన్ని మీథేన్ జీవులు వాటికి మిథైల్ తగిలించి ఇంకా విషంగా మారుస్తాయి, మిథైల్ పాదరసం చేపలో పేరుకుంటుంది.

నర్సాపురం, అంతర్వేది వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవాళ్ళు ఇది చదివితే వాళ్ళకొక మాట. సముద్రపు నీళ్ళలో పావు వంతు ఉప్పదనం ఉన్నా లీటరుకు 680 మిల్లీగ్రాముల సల్ఫేటు వస్తుంది. లోహాలు దిగిపోవడానికి అది ఎక్కువే, కానీ మిగిలిన సల్ఫైడు మీథేన్ జీవుల్ని కొడుతుంది, పొయ్యి బర్నర్‌ని తినేస్తుంది. కాలవ నీళ్ళు దొరికినంత కాలం అవే కలపండి.

పరీక్షకు పంపే నమూనా గురించి. గాజు సీసా వద్దు, కడిగిన ప్లాస్టిక్ సీసాలు రెండు, గాలి మిగలకుండా అంచుదాకా నింపాలి. ఒకటి మొత్తం లోహానికి, దాంట్లో పొడి పదార్థం శాతం కూడా చూడమనండి. రెండోది కరిగిన లోహానికి. దాన్ని 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో అదే గంటలో వడగట్టి, ఆ తర్వాతే నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 2 కిందికి తేవాలి. ముందు ఆమ్లం వేసి తర్వాత వడగడితే దిగిపోయిన జింకు, ఇనుము కరిగి వచ్చి అంకె తప్పుతుంది. రాగి, జింకు రెండూ అడగండి. కరిగిన రాగి లీటరుకు అర మిల్లీగ్రాము లోపు ఉండి గ్యాస్ ఇంకా రావడం లేదంటే అప్పుడు అమ్మోనియా వైపు తిరగాలి.